తలా తోకా లేని బొమ్మల గురించి గ్యాలరీ వాళ్ళకి ఒక బహిరంగ లేఖ

మా ఊరి ఆర్ట్ గ్యాలరీ నడిపే పెద్దలకీ, కూడళ్ళ దగ్గరా పార్కుల్లోనూ శిల్పాలు పెట్టించే అధికారులకీ నమస్కారం.

ఊరు హైదరాబాదే. గ్యాలరీ పేరు మాత్రం రాయను. రాస్తే అసలు విషయం పక్కకి పోయి, మీరు సంజాయిషీ ఇచ్చుకోవడం, మీ వాళ్ళు వచ్చి నా మీద పడటం, దానికే సరిపోతుంది. కూడళ్ళలో బొమ్మలు పెట్టించినవాళ్ళ పేర్లు రాద్దామన్నా కుదరదు, వాటి దగ్గర ఎవరి పేరూ లేదు కాబట్టి.

నాది ఫ్యాబ్రికేషన్ పని. గేట్లు, గ్రిల్స్, మెట్ల రెయిలింగులు, రేకుల షెడ్లు, ఏ ఆర్డరు వస్తే అది చేస్తాం. అప్పుడప్పుడూ ఫైన్ ఆర్ట్స్ చదివిన కుర్రాళ్ళు కాగితం మీద గీతలు గీసుకొచ్చి "అన్నా, ఈ పైపు ఇట్ల వంచాలె, కానీ వంచినట్టు కనబడొద్దు" అంటారు. తిట్టుకుంటూ చేసిస్తాం. మేము వంచిన ముక్కని ఎక్కడ నిలబెట్టారో చూద్దామని మొదటిసారి మీ గ్యాలరీకి వచ్చాను, తర్వాత ఊరికే రావడం అలవాటైపోయింది. అందుకని ఈ ఉత్తరంలో ఆర్ట్ హిస్టరీ కంటే ఇనుము ఎక్కువ ఉంటుంది, ఏమీ అనుకోకండి.

"ఇదీ ఒక ఆర్టేనా, మా పిల్లోడు కూడా చేస్తాడు" అనే జట్టులో నేను లేనని ముందే చెప్తున్నాను. చెయ్యడు. ఎనిమిది ఎంఎం ప్లేటుని ఒకే వంపులో, ఎక్కడా నొక్కు పడకుండా తిప్పాలంటే నా దగ్గర చెయ్యి తిరిగిన వెల్డరుకే చెమటలు పడతాయి, పిల్లోడు ఎక్కడ చేస్తాడు. పనితనం ఒక్కటే కూడా కాదు నేను చెప్పేది. ఇప్పుడు మీ దగ్గర నడుస్తున్న ప్రదర్శననే తీసుకోండి. లోపలి గదిలో పాత రేషన్ షాపు కాటా ఒకటి వేలాడదీశారు. రెండు పళ్ళేల్లోనూ ఏమీ లేదు, అయినా ఒక పక్కకి ఒరిగే ఉంది. నేను చాలాసేపు అక్కడే నిలబడ్డాను. ఏమీ వెయ్యకుండానే మొగ్గుతోందంటే ఆ కాటా ముందు సంచులు పట్టుకుని నిలబడ్డ మా అమ్మలాంటి వాళ్ళ దగ్గర ఎన్నేళ్ళు ఎంత నొక్కి ఉంటుందో కదా అనిపించింది. చేసినవాళ్ళ ఉద్దేశం అదేనా, నేనే ఎక్కువ ఊహించుకున్నానా అని తెలుసుకుందామని గోడ మీద కాగితం దగ్గరికి వెళ్ళాను. మొత్తం ఇంగ్లీషు. అదీ మామూలు ఇంగ్లీషు కాదు. మా అమ్మాయి ఇంజినీరింగ్ చదువుతోంది, తను కూడా మొదట్నుంచి చివరిదాకా చదివి "స్పేస్ గురించి, మెమరీ గురించి ఏదో చెప్తున్నారు నాన్నా" అని చేతులెత్తేసింది. రేషన్ అన్న మాట ఆ కాగితంలో ఎక్కడా లేదట!

అదే గదిలోకి ఒక పెద్దావిడ, ఆమె మనవడు వచ్చారు. ఆమె సెక్యూరిటీ అతన్ని అడిగింది, "ఇదేంది బిడ్డా, కాటా ఎందుకు పెట్టిన్రు" అని. "తెల్వదు పెద్దమ్మా, ముట్టుకోకు" అన్నాడతను. మీ గ్యాలరీ మొత్తం మీద ఆ రోజు తెలుగులో వినపడిన వివరణ అదొక్కటే. తప్పు అతనిది కాదు. రోజుకి ఎనిమిది గంటలు ఆ బొమ్మల మధ్యే నిలబడే మనిషికి అవేంటో చెప్పాలని మీలో ఎవరికీ తోచలేదు.

ఒకసారి ప్రారంభోత్సవంలో, సమోసాలు తింటూ మీలో ఒకరు అన్న మాట నా చెవిన పడింది: "మన జనానికి ఇలాంటివి ఎక్కడానికి ఇంకా టైమ్ పడుతుందండీ." ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం ఆ మాట. అప్పుడే జవాబు చెప్దామనుకున్నాను, కానీ చేతిలో ప్లేటు ఉన్నప్పుడు వాదన సరిగ్గా సాగదు.

ఏ జనం అండీ? అసెంబ్లీ ఎదురుగా గన్ పార్కులో అమరవీరుల స్తూపం ఉంది. 1969 తెలంగాణ ఉద్యమంలో చనిపోయినవాళ్ళ కోసం 1970లో శంకుస్థాపన చేస్తే 1975కి పూర్తయింది. చేసినాయన ఎక్కా యాదగిరిరావు గారు. దానిలో తుపాకీ ఎత్తిన పోలీసు లేడు, నేలకొరిగిన విద్యార్థి లేడు, ఒళ్ళో కొడుకుని పెట్టుకుని ఏడుస్తున్న తల్లి లేదు. స్తంభం, దాని మీద తొమ్మిది రేకుల పువ్వు. అప్పటి తెలంగాణలో జిల్లాలు తొమ్మిది, అందుకు తొమ్మిది రేకులు. యాభై ఏళ్ళుగా ఊళ్ళ నుంచి బస్సులెక్కి వచ్చిన రైతులు, ఉస్మానియా పిల్లలు, ఆర్టీసీ కార్మికులు, ఎవరికి కడుపు మండినా ముందు అక్కడికే వచ్చి నిలబడ్డారు. ఏ పార్టీ ముఖ్యమంత్రి అయినా జూన్ 2న ముందు అక్కడే పూలు పెట్టాలి. ఇన్నేళ్ళలో "దీనికి మొహం ఏది, ఇది ఎవరి బొమ్మ" అని ఎవరైనా అడగ్గా మీరు విన్నారా? నేను వినలేదు. మన జనానికి ఎక్కలేదంటారా!

దానికి పక్కనే ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. 1986లో ట్యాంక్‌బండ్ మీద తెలుగు ప్రముఖుల విగ్రహాలు పెట్టారు, ముక్కూ మొహం, పేరూ ఊరూ అన్నీ స్పష్టంగా ఉన్నవి, ఒక్కటీ అర్థం కానిది కాదు. 2011 మార్చి 10న మిలియన్ మార్చ్ రోజు వాటిలో చాలావాటిని పగలగొట్టి హుస్సేన్‌సాగర్‌లో పడేశారు. అది తప్పా ఒప్పా అన్న గొడవలోకి నేను వెళ్ళను, అది వేరే పెద్ద కథ. అర్థమైనంత మాత్రాన ప్రేమ పుడుతుందనీ, అర్థం కానిదాన్ని జనం తోసేస్తారనీ మీరు వేసుకున్న లెక్క తప్పని మాత్రం చెప్తున్నాను.

అసలు ఊరి నడిమధ్యలో పాతే బొడ్రాయికి ముక్కూ మొహం ఉంటాయా? అమరావతి స్తూపం పాత పలకల్లో బుద్ధుడు ఉండాల్సిన చోట ఖాళీ సింహాసనం చెక్కారు, పాదాల గుర్తులు చెక్కారు, చక్రం చెక్కారు. చుట్టూ ఉన్నవాళ్ళు మాత్రం ఆయన అక్కడే ఉన్నట్టు దండం పెడుతుంటారు. మనిషిని చూపించకుండా మనిషిని చెప్పడం కృష్ణ ఒడ్డున రెండు వేల ఏళ్ళ కిందటే చేసేశారు. ఆ పలకల్లో మంచివి చాలా వరకు చెన్నైలోనూ లండన్‌లోనూ ఉన్నాయి, అది ఇంకో ఏడుపు.

మరి ఇన్ని చూసిన జనం మన కూడళ్ళలోని కొత్త శిల్పాలని ఎందుకు పట్టించుకోరు? నాకు తోచింది చెప్తాను, పెద్ద సిద్ధాంతమేమీ కాదు. నాయకుడి విగ్రహానికి ఏడాదికి రెండు రోజులు ఉంటాయి, జయంతి ఒకటి, వర్ధంతి ఒకటి. ఆ రెండు రోజులూ ఎవరో ఒకరు నిచ్చెన వేసి కాకి రెట్టలు కడుగుతారు, పెచ్చు ఊడిపోతే అతికిస్తారు, రంగు వేస్తారు, దండ వేస్తారు, నలుగురు చేరి మైకులో మాట్లాడతారు, అయిదో మనిషి నవ్వుకుంటూ పోతాడు. విగ్రహం బాగుందా లేదా అన్నది ఎవరికీ పట్టదు, అయినా దానితో ఊరికి పని ఉంటుంది. ముక్కూ మొహం లేని అబ్‌స్ట్రాక్ట్ శిల్పానికి జయంతీ లేదు, వర్ధంతీ లేదు. దానికి కులం లేదు, పార్టీ లేదు, సంఘం లేదు, కాబట్టి కడిగే దిక్కు కూడా లేదు. రిబ్బన్ కట్ చేసిన రోజు ఫొటో దిగుతారు. తర్వాత ఆర్నెల్లకి చుట్టూ ఉన్న ఫౌంటెన్ మోటారు కాలిపోతుంది, ఆ తొట్టిలో టీ కప్పులు చేరతాయి, ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీని దానికే తాడేసి కడతారు. కట్టినవాడికి అది శిల్పమని తెలియదు, మంచి బలమైన ఫ్రేమ్ అనుకుంటాడు. నిజానికి అతను మాత్రమే దానికి ఒక ఉపయోగం కనిపెట్టాడు!

గన్ పార్కు స్తూపం బతికింది ఎందుకంటే దానికి జూన్ 2 ఉంది, అమరవీరుల తల్లిదండ్రులున్నారు, ధర్నాలున్నాయి. దానితో ఊరికి ఎప్పుడూ ఏదో ఒక పని పడుతూనే ఉంది.

అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో గ్రాండ్ రాపిడ్స్ అని ఒక ఊరు, పెద్ద పేరున్న ఊరేమీ కాదు, కుర్చీలూ బల్లలూ తయారుచేసే ఊరు. 1969లో అక్కడ అలెగ్జాండర్ కాల్డర్ చేసిన ఎర్రటి ఉక్కు శిల్పం ఒకటి సిటీ హాలు ముందు పెట్టారు. ప్రభుత్వ డబ్బు కూడా అందులో ఉంది. దానికీ తలా తోకా ఏమీ ఉండవు, పెద్ద పెద్ద ఎర్ర రేకులు వంపులు తిరిగి ఉంటాయి. మొదట్లో అక్కడా జనం తిట్టారు, ఎందుకీ దండగ అన్నారు. కానీ మరుసటి ఏడాది 1970లో ఆ శిల్పం ఉన్న మైదానంలోనే ఊరి కళల పండుగ ఒకటి మొదలుపెట్టారు. ఏటా జూన్‌లో పాటలు, నాటకాలు, తినుబండారాల దుకాణాలు, పిల్లల బొమ్మలు, అన్నీ దాని చుట్టూనే. అక్కడ ఆడుకుంటూ పెరిగిన పిల్లలకి అది ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ఇప్పుడు ఆ శిల్పం బొమ్మ ఆ ఊరి ముద్ర, చెత్త లారీల మీద కూడా ఉంటుంది. మన చెత్త ఆటోల మీద ఏముంటుందో మీకు తెలుసు.

దీనికి పూర్తిగా ఎదురు కథ న్యూయార్క్‌లో జరిగింది. 1981లో రిచర్డ్ సెర్రా అనే మహా శిల్పి, ఆయన ఉక్కు పనికి నేను అభిమానిని, ఒక ప్రభుత్వ ఆఫీసుల ముందున్న ఖాళీ స్థలంలో 120 అడుగుల పొడవు, 12 అడుగుల ఎత్తు ఉన్న ఉక్కు గోడ ఒకటి కొద్దిగా వంచి అడ్డంగా నిలబెట్టాడు. పేరు టిల్టెడ్ ఆర్క్. నడిచే మనిషి ఆ స్థలాన్ని ఒళ్ళంతటితో గమనించాలని ఆయన ఆలోచన. అక్కడ పనిచేసేవాళ్ళకి మాత్రం రోజూ చుట్టూ తిరిగి పోవాల్సి రావడం, మధ్యాహ్నం డబ్బా తినే చోటు చీలిపోవడం, ఇవే కనిపించాయి. గొడవ పెరిగి 1985లో బహిరంగ విచారణ పెట్టారు. మాట్లాడిన 180 మందిలో 122 మంది ఉంచాలన్నారు, 58 మంది తీసేయాలన్నారు. అయినా తీసేయాలనే తేల్చారు. కోర్టులకెక్కారు, ఫలితం లేదు. 1989 మార్చిలో రాత్రిపూట ముక్కలు చేసి పట్టుకుపోయారు. వేరే చోట పెడితే అది నా పనే కాదన్నాడు సెర్రా, అందుకని ఇంకెక్కడా నిలబెట్టలేదు.

రెండు వైపులా న్యాయం ఉందనే అంటాను. మంచి ఉక్కు పనిని అలా కోసేశారని చదివినప్పుడు నా ప్రాణం ఉసూరుమంది. కానీ ఆ విచారణ ఎప్పుడు పెట్టారో చూడండి, నిలబెట్టిన నాలుగేళ్ళకి. అదే మాటలు, శిల్పం ఇంకా కాగితం మీద ఉన్నప్పుడే, ఆ మైదానంలో టిఫిన్ తినేవాళ్ళ మధ్య కూర్చుని మాట్లాడుకుని ఉంటే ఏమయ్యేదో. పది అడుగులు పక్కకి జరిగేదేమో, అసలు కట్టేవాళ్ళే కాదేమో, లేకపోతే ఉంచాలన్నవాళ్ళు ఇంకా గట్టిగా నిలబడేవాళ్ళేమో. మన దగ్గర అయితే అసలు విచారణ దాకా కూడా రాదు. ఒక రోజు పొద్దున ఉంటుంది, ఇంకో రోజు ఫ్లైఓవర్ పిల్లర్ వస్తుంది, శిల్పం ఎటు పోయిందో దాని మీద కూర్చునే కాకులకి కూడా తెలియదు.

కాబట్టి అధికారులకి నా విన్నపం ఇది. ఏదైనా కూడలిలో శిల్పం పెట్టాలనుకుంటే, టెండరు కంటే ముందు అదే కొలతలో సరుగుడు కర్రలతో, గుడ్డతో ఒక డమ్మీ కట్టించి పదిహేను రోజులు అక్కడ ఉంచండి. పెళ్ళి పందిళ్ళు వేసేవాళ్ళు ఒక రాత్రిలో కట్టేస్తారు. అక్కడ ఆటో స్టాండు వాళ్ళు, పూలమ్మేవాళ్ళు, ట్రాఫిక్ కానిస్టేబుల్, స్కూలు పిల్లలు ఏమంటారో వినండి. బస్సు కనబడట్లేదంటారా, నీడ బాగుందంటారా, భయమేస్తోందంటారా. వాళ్ళు చెప్పినట్టే చెయ్యమనడం లేదు, శిల్పి శిల్పే. వినడం వల్ల నష్టం లేదంటున్నాను. పెట్టాక దానికి ఒక రోజు నిర్ణయించండి. ఆ కాలనీ వాళ్ళనే ఎంచుకోమనండి, బతుకమ్మకి ముందు రోజైనా సరే, స్కూళ్ళు తెరిచే రోజైనా సరే. ఏటా ఆ రోజు కడగాలి, పాడైన చోట బాగుచెయ్యాలి, చేసిన శిల్పిని పిలవాలి, వీలైతే పిల్లల చేత నాలుగు పాటలు పాడించాలి. ఖర్చు ఎంతవుతుందంటారా? ఒక ప్రారంభోత్సవం షామియానా ఖర్చులో ఎన్నో ఏళ్ళు గడిచిపోతాయి.

ఇక మీరు మెటీరియల్ ఎంచుకునే తీరు. ఇది నా ఏరియా, కాస్త ఎక్కువే రాస్తాను, ఇష్టం లేనివాళ్ళు ఈ పేరా వదిలేయండి. అంతా బాగా మెరవాలని ఎస్ఎస్, అంటే స్టెయిన్‌లెస్ స్టీల్ పెడతారు. ఎస్ఎస్ అంటే తుప్పు పట్టదని మీ నమ్మకం. ఎంఎస్, అంటే మైల్డ్ స్టీల్, మామూలు ఇనుము కోసిన గ్రైండింగ్ వీలుతోనే ఎస్ఎస్ కూడా రుద్దితే ఆ ఇనుప రజను దాంట్లో కూరుకుపోయి, మొదటి వానకే గోధుమరంగు చుక్కలు బయటపడతాయి. అప్పుడు ఫ్యాబ్రికేటర్ మోసం చేశాడంటారు, కొన్నిసార్లు నిజంగా చేస్తాడు కూడా. విశాఖ బీచ్ రోడ్డులాంటి చోట 304 గ్రేడు పెట్టారంటే ఉప్పు గాలికి ఏడాది తిరక్కుండానే టీ మరకల్లాంటివి పడతాయి, అక్కడ 316 పెట్టాలి, అందులో మాలిబ్డినం ఉంటుంది, రేటూ ఎక్కువే. కార్టెన్ స్టీలని ఇంకోటి ఉంది, సెర్రా వాడింది అలాంటిదే. దానికి పైన పట్టే తుప్పే లోపలి ఇనుముకి రక్ష. కానీ ఆ తుప్పు గట్టిపడాలంటే తడవాలి, ఆరాలి, మళ్ళీ తడవాలి. నీళ్ళు నిలిచే మూల ఒకటి ఉందంటే అక్కడ రక్షా లేదు గిక్షా లేదు, తినుకుంటూ పోతుంది. ఇవన్నీ డ్రాయింగ్ దశలోనే చూసుకోవాల్సినవి. మంచి పని మన ఊళ్ళో జరగదని కాదు. సెక్రటేరియట్ ఎదురుగా 2023 జూన్‌లో తెరిచిన అమరజ్యోతి, ఆ స్టెయిన్‌లెస్ స్టీల్ ప్రమిద చూడండి. దాని రాజకీయం మీద, ఖర్చు మీద ఎవరి అభిప్రాయం వాళ్ళకి ఉండొచ్చు, కానీ అంత పెద్ద వంపుల మీద అతుకు కనబడకుండా చెయ్యడం ఎంత కష్టమో చేతికి కాలినవాళ్ళకే తెలుస్తుంది. చికాగోలో అనీశ్ కపూర్ చేసిన క్లౌడ్ గేట్‌లో 168 ప్లేట్లు అతికి, ఒక్క అతుకూ కనబడకుండా పాలిష్ చేశారు. దాన్ని అక్కడి జనం చిక్కుడు గింజ అని పిలుచుకుంటారు, ఆయనకి ఆ పేరు మొదట్లో నచ్చలేదట. జనం ముద్దుపేరు పెట్టారంటే ఆ శిల్పం గట్టెక్కినట్టే, శిల్పికి నచ్చినా నచ్చకపోయినా.

చేతుల మాట వచ్చింది కాబట్టి, మళ్ళీ గ్యాలరీ వాళ్ళతో మాట్లాడతాను.

అరటిపండు గొడవ మీకు తెలిసిందే. 2019లో మయామీ ఆర్ట్ మేళాలో కాటెలాన్ అనే ఇటలీ ఆయన అరటిపండుని టేపుతో గోడకి అంటించాడు, లక్షా ఇరవై వేల డాలర్లకి పోయింది. 2024 నవంబరులో అదే ఐడియా న్యూయార్క్ వేలంలో 62 లక్షల డాలర్లు పలికింది, కొన్నాయన పండు ఒలుచుకుని తినేశాడు. మా బంధువుల వాట్సాప్ గ్రూపులో అందరూ నాకే పంపారు, మీ ఆర్టు వాళ్ళు చూడు అని. నవ్వుకున్నాను. ఎవరి డబ్బు వాళ్ళిష్టం. కానీ వేలం రోజు గోడకెక్కిన ఆ పండుని ఆ పక్కనే పళ్ళ బండి మీద పనిచేసే బంగ్లాదేశ్ పెద్దాయన ఒకరు 35 సెంట్లకి అమ్మారట. ఎంతకి పోయిందో విలేకరి చెప్పినప్పుడు ఆయన ఏడ్చారని చదివాను. ఐడియాకే విలువ, వస్తువుది ఏముంది అని మీరంటారు. సరే. లండన్ టేట్ గ్యాలరీ 1972లో కార్ల్ ఆండ్రే పేర్చిన 120 ఫైర్ బ్రిక్స్ కొన్నప్పుడూ, 1976లో జనం డబ్బుతో ఇటుకలు కొంటారా అని పేపర్లు విరుచుకుపడినప్పుడూ చెప్పిన జవాబు కూడా దాదాపు ఇదే. ఇటుక ఎవరైనా కాలుస్తారు, పేర్చాలన్న ఆలోచన ఆయనదని. ఒప్పుకుంటాను, నిజంగానే ఒప్పుకుంటాను. కానీ ఐడియాయే ముఖ్యమని అందరికంటే గట్టిగా 1967లోనే రాసిన అమెరికా కళాకారుడు సోల్ లెవిట్, గోడ మీద ఏ గీత ఎలా గీయాలో సూచనలు రాసిచ్చి వేరేవాళ్ళ చేత గీయించాడు కదా. ఆయన వాల్ డ్రాయింగుల వివరాల్లో మొదట గీసినవాళ్ళ పేర్లు ఉంటాయి. ఆలోచన నాది, చెయ్యి వాళ్ళది అని రాయడం వల్ల ఆయన చిన్నబోలేదు.

మీ లేబుల్ మీద మాత్రం కళాకారుడి పేరు, "అన్‌టైటిల్డ్", "మైల్డ్ స్టీల్", సంవత్సరం, అంతటితో సరి. మైల్డ్ స్టీల్ దానంతటదే నిలబడలేదు. కోసిన కుర్రాడున్నాడు, వెల్డింగ్ చేసినవాడున్నాడు, బేస్ కాంక్రీట్ పోసిన మేస్త్రి ఉన్నాడు. చండీగఢ్‌లో, ఆ ఊరికి ప్లాన్ గీసిన ఆర్కిటెక్టు కార్బూజియే ఊహించిన ఓపెన్ హ్యాండ్ తెలుసు కదా, గాలికి తిరిగే 14 మీటర్ల రేకు చెయ్యి. ఆయన 1965లోనే పోయాడు, అది నిలబడింది 1985లో. దాన్ని తయారు చేసింది భాక్రా నంగల్ డ్యామ్ వర్క్‌షాపులో. గేట్లూ షట్టర్లూ చేసే చేతులే ఆ చేతినీ చేశాయి. ఈ సంగతి చదివిన రోజు మా షెడ్డులో అందరికీ చెప్పాను. మా వాళ్ళు మీ గ్యాలరీకి ఎందుకు రారో తెలుసా? వాళ్ళు చేసిన పనే అక్కడ ఉంటుంది, వాళ్ళ పేరు ఉండదు. పేరు రాసి పిలవండి, పెళ్ళాం పిల్లల్తో సహా వస్తారు, వచ్చి ఆ పక్క గదిలో కాటా కూడా చూస్తారు, మీ కాగితం కంటే మంచి అర్థం చెప్తారు.

తెలుగు గురించి నేను ఉద్యమం చెయ్యను. ఇంగ్లీషు కాగితం ఉంచుకోండి, ఢిల్లీ నుంచి వచ్చేవాళ్ళు చదవాలి కదా. దాని కింద ఆరు లైన్లు తెలుగు పెట్టండి. అనువాదం వద్దు, అది ఇంకా ఘోరంగా ఉంటుంది. ఈ కాటా ఎక్కడిది, ఎవరి దగ్గర కొన్నారు, ఎందుకు వేలాడదీయాలనిపించింది అని కళాకారుణ్ణి అడిగి, ఆయన నోటితో చెప్పినట్టే రాయండి. ఆదివారం ఒక గంట ఆయన్నే వచ్చి అక్కడ నిలబడమనండి, ఉపన్యాసం అక్కర్లేదు. ఆ సెక్యూరిటీ అతనికి కూడా పక్కన కుర్చీ వెయ్యండి, జనం రోజూ ఏం అడుగుతారో అతనికే బాగా తెలుసు.

చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టిన కృష్ణారెడ్డి గారి గురించి మీ గోడల మీద ఒక్క ముక్కయినా నేను చూడలేదు. శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదువుకుని, పారిస్ వెళ్ళి, ఒకే ప్లేటు మీద రకరకాల చిక్కదనాల రంగులు వేసి ముద్ర తీసే పద్ధతిని తీర్చిదిద్దినవాళ్ళలో ఒకరై ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నాడాయన. శిల్పి కూడా. 1964లో కెనడాలోని మాంట్రియల్‌లో కొండ మీద అంతర్జాతీయ శిల్పుల సమావేశం జరిగితే మన చిత్తూరాయన అక్కడ ఆరుబయట అబ్‌స్ట్రాక్ట్ శిల్పం చేశాడు. పల్లెటూరి నుంచి వెళ్ళిన మనిషి. శాంతినికేతన్‌లోనే రామ్‌కింకర్ బైజ్ 1938లో కంచుకీ పాలరాతికీ పోకుండా సిమెంటు, ఎర్ర కంకర కలిపి సంతాల్ కుటుంబం శిల్పం చేసి, సంతాలీలు నడిచే నేల మీదే నిలబెట్టాడు. ఆధునిక శిల్పం మనకి ఇంపోర్టెడ్ సరుకు అన్నట్టు మీరే ప్రవర్తిస్తే జనం కూడా అలాగే చూస్తారు. దూరం నుంచి చూసి, ఖరీదు అడిగి, వెళ్ళిపోతారు.

చివరగా ఒక పని ఉంది, ఇది అర్జెంటు. మీ లాన్‌లో పెట్టిన ఆ పెద్ద ట్యూబుల శిల్పం, నాలుగు కాళ్ళూ వంకర్లు తిరిగి పైన కలుస్తాయి చూడండి, దాని ఎడమ కాలు దగ్గర పెయింట్ ఉబ్బుతోంది. వేలితో కొడితే బోలుగా కాకుండా బరువుగా మోగుతోంది (ముట్టుకున్నాను, మీ సెక్యూరిటీ అతను అటు తిరిగినప్పుడు). అంటే ట్యూబులో నీళ్ళు చేరాయి. పైన ఎక్కడో వెల్డింగ్‌లో సూది బెజ్జం ఉంది, కింద దిగడానికి దారి లేదు. లోపల్నుంచి తినేస్తుంది, మీకు బయటికి తెలిసేసరికి బేస్ ప్లేటు దగ్గర విరుగుతుంది, పిల్లలు దాని కిందే ఆడుకుంటున్నారు. వానలు మొదలయ్యేలోపు ప్రతి కాలికీ అడుగున వెనక వైపు పది ఎంఎం బెజ్జం ఒకటి వెయ్యాలి, పైన లీకు వెతికి మూసి, ఉబ్బిన చోట గీకి తుప్పు ఆపే రెడాక్సైడ్ కొట్టి రంగు వెయ్యాలి. శిల్పిని ముందు అడగండి, ఆయన ఒప్పుకోకుండా ఆయన పని మీద డ్రిల్లు పెట్టడం నాకు ఇష్టం లేదు. ఆయన సరేనంటే పొద్దున పూట, గ్యాలరీ తెరవకముందు, నేనూ మా వెల్డరూ వస్తాం. మెషీను మేమే తెచ్చుకుంటాం, మీరు కరెంటు పాయింటు చూపిస్తే చాలు. డబ్బులు వద్దు, లేబుల్ మీద మా వెల్డర్ పేరు రాయండి, స్పెల్లింగ్ వాడే చెప్తాడు.

ఇట్లు,
మీ గ్యాలరీకి తరచూ వచ్చే ఒక ఫ్యాబ్రికేటర్